నేరం ఒకరిది... జైలు ఇద్దరికా?

2022 ఫిబ్రవరి 20. పంజాబ్ శాసనసభ ఎన్నికల పోలింగ్ రోజు. అమృత్‌సర్ దగ్గర మానావాలాలోని పోలింగ్ కేంద్రానికి సోహ్నా, మోహ్నా అనే అన్నదమ్ములు వచ్చారు. నడుము పైన ఇద్దరు మనుషులు, కింద ఒక్కటే కాళ్ల జత. గుండెలు రెండు, వెన్నెముకలు రెండు, చేతులు నాలుగు. కాలేయం మాత్రం ఒక్కటే. ఓటరు కార్డులు చెరొకటి. ఒకరు మీట నొక్కుతుంటే పక్కనే ఉన్న రెండోవారి కంట పడకుండా ఎలా? అధికారులు ఆలోచించి ప్రత్యేకంగా కళ్లజోళ్లు తెప్పించారు. ఒకరి ఓటు మరొకరు చూడకుండా ఇద్దరూ ఓటేశారు. రహస్య ఓటు హక్కు అలా నిలబడింది.

ఈ లెక్క మనకూ తెలిసిందే. తలలు కలిసి పుట్టిన వీణా-వాణి 2020లో పదో తరగతి పూర్తిచేసినప్పుడు హాల్‌టికెట్లు రెండు, మార్కుల జాబితాలు రెండు. వీణకు 9.3 జీపీఏ, వాణికి 9.2. ఎవరి చదువు వారిదే.

చదువు దగ్గర, ఓటు దగ్గర ఇద్దరని ఒప్పుకున్న చట్టం నేరం దగ్గరికొచ్చేసరికి ఏం చెయ్యాలి? ఎక్కడో ఓ అవిభక్త కవలల జంట ఉందనుకుందాం. పట్టరాని కోపంలో ఒకరు ఎదుటి మనిషిని కత్తితో పొడిచేశారు. రెండోవారు వద్దు వద్దని అరిచారు, చెయ్యి పట్టుకోబోయారు, ఆపలేకపోయారు. హత్య రుజువైంది. యావజ్జీవం ఎవరికి?

లా కాలేజీ కుర్రాళ్లు క్యాంటీన్లో సరదాగా వాదించుకునే ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ, శిక్ష పేరుతో మనం చేస్తున్నదేమిటో, దాన్ని ఎవరెవరు మోస్తున్నారో ఇంత సూటిగా అడిగే ప్రశ్న మరొకటి లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ రెండోవారు శిక్ష పేరుతో ఒక్క రాత్రి కూడా జైల్లో గడపకూడదు. అందువల్ల హంతకులు బయట ఉండాల్సివచ్చినా సరే.

చెయ్యి ఎవరిది?

మార్క్ ట్వేన్ 1894లో ఈ చిక్కుతోనే ఓ కథ అల్లాడు. ఇటలీలో పుట్టిన అవిభక్త కవలలు టోచీ సోదరులు అతనికి స్ఫూర్తి. కథలోని కవలల్లో ఎవరో ఒకరు ఒక మనిషిని కాలితో తన్నుతారు. ఆ సమయానికి కాళ్లు ఎవరి అధీనంలో ఉన్నాయో తేల్చలేక జ్యూరీ ఇద్దరినీ వదిలేస్తుంది.

నిజజీవితంలో ఇంత అయోమయం ఉండదు. అమెరికాలోని మిన్నెసోటాలో 1990లో పుట్టిన ఎబీ, బ్రిటనీ హెన్సెల్ అక్కాచెల్లెళ్లది చూడటానికి ఒకే శరీరం. కుడివైపు ఎబీ మాట వింటుంది, ఎడమవైపు బ్రిటనీ మాట వింటుంది. ఇద్దరూ డ్రైవింగ్ పరీక్ష విడివిడిగా పాసై చెరో లైసెన్సు తీసుకున్నారు. కారు నడిపేటప్పుడు పెడళ్లు ఎబీ తొక్కుతుంది, స్టీరింగు ఇద్దరూ పట్టుకుంటారు. మెదళ్లు రెండున్నప్పుడు ఏ చెయ్యి ఎవరి మాట వింటుందో వైద్యులు చెప్పగలరు. కాబట్టి కత్తి ఎవరు పట్టుకున్నారో తేల్చడం పెద్ద సమస్య కాదు. పక్కనున్నవారికి అందులో పాలుందా లేదా అన్నదే అసలు తగువు.

దీనికి మన న్యాయచరిత్రలో పాత కేసొకటి ఉంది. 1923 ఆగస్టులో కలకత్తా శంకరీటోలా పోస్టాఫీసులోకి కొందరు తుపాకులతో చొరబడి పోస్టుమాస్టర్ని కాల్చి చంపారు. దొరికిపోయిన బరేంద్ర కుమార్ ఘోష్ ‘నేను బయట నిలబడ్డానంతే, కాల్చలేదు’ అన్నాడు. కుదరదంది అప్పట్లో మన ఆఖరి అప్పీలు కోర్టైన ప్రీవీ కౌన్సిల్. పథకంలో భాగమైనవాడు బయట నిలబడినా నేరంలో ఉన్నట్టేనని తేల్చింది. అప్పటి ఐపీసీ 34వ సెక్షనే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 3(5) అయింది. ఉమ్మడి ఉద్దేశం ఉంటే అందరిదీ ఒకే నేరం.

అయితే ఘోష్ ఆ గుమ్మం దాకా తన కాళ్లతో నడిచివెళ్లాడు. వెనుదిరిగి వెళ్లిపోయే దారి అతనికుంది. అవిభక్త కవలలకు ఆ దారి లేదు. వాళ్లు అక్కడ ఉండటం వాళ్ల ఇష్టం కాదు, పుట్టుక. కాబట్టి ‘అక్కడే ఉన్నావుగా’ అన్నమాట వాళ్ల మీద సాక్ష్యంగా నిలవదు. ముందే కలిసి అనుకున్నారని విడిగా రుజువు చెయ్యాలి. అది రుజువైతే ఇద్దరూ దోషులే, అప్పుడు పేచీయే లేదు. కాకపోతే ఒకరు హంతకుడు, రెండోవారు ప్రత్యక్ష సాక్షి.

జైలు తలుపు దగ్గర

ఇక్కడిదాకా చట్టం బాగానే నడుస్తుంది. దోషిని జైలుకు పంపాల్సి వచ్చినప్పుడే ఇరుక్కుంటుంది. రెండోవారి మీద ఎఫ్‌ఐఆర్ లేదు, అభియోగం లేదు. రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం, చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఎవరి స్వేచ్ఛనూ హరించడానికి వీల్లేదు. ఏ వారంటు మీద ఆ మనిషిని లోపల పెడతారు? అసలు అరెస్టు చేసినప్పుడే ఈ గొడవ మొదలవుతుంది.

నిర్దోషి ప్రాణం అడ్డొస్తే ఉరితాడునే పక్కనపెట్టడం మన చట్టానికి తెలుసు. ఉరిశిక్ష పడిన స్త్రీ గర్భవతి అని తేలితే, హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చి తీరాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 456వ సెక్షన్ చెబుతోంది. కడుపులోని బిడ్డ ఏ తప్పూ చెయ్యలేదు కనుక.

మరి జైలు మాట? ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చిన కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ఆర్.డి.ఉపాధ్యాయ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, మహిళా ఖైదీల పిల్లలు ఆరేళ్ల వరకు తల్లి దగ్గర ఉండవచ్చంది. ఆ బిడ్డను ఖైదీగా చూడకూడదని, తిండి, వైద్యం, చదువు, ఆటపాటలు చూడాలని ఆదేశించింది. ఈ తీర్పు చూపించి కవలల్లో రెండోవారినీ అలాగే ‘అతిథి’గా ఉంచొచ్చని ఎవరైనా అనొచ్చు. నేను ఒప్పుకోను. తల్లి ఒడి బిడ్డకు అవసరం కాబట్టి, బిడ్డ మేలుకోసమే ఆ ఏర్పాటు. ఇక్కడ రెండోవారికి ఒరిగేదేమీ లేదు. జైల్లో మంచి భోజనం పెట్టినా జైలు జైలే.

‘ఆపరేషన్ చేసి విడదీయండి’ అనే మాట వినగానే నాకు 2000లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ముందుకొచ్చిన పసిపిల్లలు గుర్తొస్తారు. కోర్టు వాళ్లకు జోడీ, మేరీ అని మారుపేర్లు పెట్టింది. మేరీ గుండె, ఊపిరితిత్తులు పనిచేయవు. జోడీ గుండె ఇద్దరినీ బతికిస్తోంది. అలాగే వదిలేస్తే కొన్ని నెలల్లో ఇద్దరూ పోతారు, విడదీస్తే మేరీ అక్కడికక్కడే పోతుంది. కేథలిక్కులైన తల్లిదండ్రులు వద్దన్నారు. వైద్యులు చేస్తే అది హత్య అవుతుందా? ముగ్గురు న్యాయమూర్తులు మూడు దారుల్లో ఆలోచించి ఆపరేషన్‌కు అనుమతించారు. ఆ నవంబరులో మాంచెస్టర్‌లో ఇరవై గంటల శస్త్రచికిత్స జరిగింది. జోడీ బతికింది, మేరీ చనిపోయింది. మరో దారి లేనప్పుడు ఒక్క ప్రాణాన్నైనా నిలబెట్టడానికి ఇచ్చిన తీర్పది. ఒకరిని జైలుకు పంపే వీలుకోసం మరొకరి ఒంటిమీద కత్తిపెట్టడానికి దాన్ని వాడుకుంటే అంతకు మించిన ఘోరం ఉండదు.

ఇక మిగిలేవి జరిమానా, పూచీకత్తు, చిన్న నేరాలకైతే న్యాయ సంహిత కొత్తగా తెచ్చిన సమాజసేవ. సయాం నుంచి అమెరికా వెళ్లిన అవిభక్త కవలలు చాంగ్, ఎంగ్ సోదరుల విషయంలో 1831లోనే ఇది జరిగింది. మసాచుసెట్స్‌లోని లిన్‌ఫీల్డ్‌లో తమను చూడటానికి ఎగబడి విసిగించిన వాళ్లతో ఘర్షణ పడితే, శాంతిభంగం కింద ఇద్దరిచేతా పూచీకత్తు కట్టించుకున్నారు. కానీ హత్యకు జరిమానా ఏం సరిపోతుంది? పోయిన మనిషి తల్లి ముందు నిలబడి ఆ మాట అనడం నాకూ కష్టమే. అయినా వందమంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదని మన సినిమా కోర్టుల్లో ఎన్నోసార్లు విని చప్పట్లు కొట్టాం. ఆ మాట నిజంగా ఖరీదయ్యే చోటు ఇదే.

జైలు తప్పిన ఆ దోషి మళ్లీ చంపితే? అప్పుడు సమాజం తన్ను తాను కాపాడుకోవాలి, కాదనను. ఇంటి దగ్గరే కాపలా పెట్టాలి, కత్తీకటారీ అందకుండా చూడాలి. అది రెండోవారికి శిక్ష కాదని ఉత్తర్వులో రాయాలి. వారు పోగొట్టుకున్న ప్రతి రోజుకూ ప్రభుత్వం పరిహారం కట్టాలి. ఆ ఉత్తర్వుకు గడువు పెట్టి, తీరగానే మళ్లీ విచారించాలి.

శిక్ష ఖరారు చేసేముందు దోషి మాట వినాలని చట్టం ఇప్పటికే చెబుతోంది. అదే రోజు, అదే కోర్టులో రెండోవారి మాటా వినాలి. వారికి వేరే వకీలు ఉండాలి, ఆ ఫీజు ప్రభుత్వమే భరించాలి. దోషి తన వకీలుతో చెప్పుకునే ప్రతి మాటా పక్కనున్న చెవిన పడక తప్పదు గనుక, విన్నదాన్ని బయటపెట్టమని రెండోవారిని బలవంతపెట్టకుండా సాక్ష్య చట్టంలోనూ ఒక వాక్యం చేర్చాలి.