డోఫినే మొక్కల పరిశోధకుడు డొమినిక్ విలార్

డొమినిక్ విలార్ (1745-1814) ఫ్రాన్స్‌కు చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త, అధ్యాపకుడు. దేశానికి ఆగ్నేయాన ఆల్ప్స్ పర్వతాలతో నిండిన డోఫినే ప్రాంతంలోని మొక్కలను వెతికి, పరీక్షించి, గ్రంథంగా కూర్చడమే ఆయన జీవితకాలపు కృషి.

విలార్ షాంసోర్ లోయలోని ల నోయే గ్రామం దగ్గర సామాన్య కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు పశువులు కాశారు. గాప్ పట్టణ సమీపంలో చర్చి పూజారిగా ఉన్న డొమినిక్ షేక్స్ ఆయనకు వృక్షశాస్త్రంలో గురువయ్యారు. మొక్కలకు రెండు పదాల పేరు పెట్టే లిన్నేయస్ పద్ధతి యూరప్‌లో అప్పుడప్పుడే స్థిరపడుతోంది. గురుశిష్యులిద్దరూ ఆ పద్ధతిలోనే తమ కొండల మొక్కలను గుర్తించసాగారు.

తర్వాత విలార్ గ్రెనోబుల్ నగరానికి వెళ్లి వైద్యం చదివారు. 1782లో అక్కడి సైనిక ఆసుపత్రికి వైద్యులయ్యారు. వృక్షశాస్త్రం కూడా బోధించారు. ఆ కాలంలో మందుల్లో ఎక్కువ భాగం మొక్కల నుంచే వచ్చేవి. ఒకదాన్ని చూసి మరొకటి అనుకుంటే రోగి ప్రాణానికే ముప్పు. అందుకే వైద్య విద్యలో వృక్షశాస్త్రానికి అంత ప్రాధాన్యం ఉండేది.

ఆయన ప్రధాన రచన ‘డోఫినే మొక్కల చరిత్ర’ 1786-1789 మధ్య మూడు సంపుటాలుగా వెలువడింది. అందులో సుమారు 2,700 జాతుల వివరాలున్నాయి. ఎన్నో మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టింది ఆయనే. వాటిలో బెరార్డియా ఒకటి. ఎత్తైన వాలుల్లో, రాళ్లు జారిపడే చోట పెరిగే ఈ మొక్కకు కాండం దాదాపు కనిపించదు. నూగుతో తెల్లగా ఉండే వెడల్పాటి ఆకులు నేలకు అంటుకుని ఉంటాయి, వాటి నడుమ ఒకే పెద్ద పూలగుత్తి విచ్చుకుంటుంది. ఈ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే. అది నైరుతి ఆల్ప్స్‌లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. ఒకదానికొకటి అచ్చంగా పోలి ఉండి నిపుణులనే తికమకపెట్టే హైరేసియం మొక్కల్లోనూ ఆయన పలు జాతులను వేరుచేసి చూపారు.

గురువు రుణాన్ని విలార్ మరువలేదు. గాప్ ప్రాంతపు మొక్కలపై షేక్స్ రాసిన రచనకు తన గ్రంథం మొదటి సంపుటంలోనే చోటిచ్చారు. వెర్బాస్కం షేక్సీ అనే పసుపు పూల మొక్కకూ, పోవా షేక్సీ అనే గడ్డికీ గురువు పేరే పెట్టారు. విలార్ పేరిట ఇతర శాస్త్రవేత్తలు విలార్సియా అనే నీటి మొక్కల ప్రజాతిని నెలకొల్పారు.

ఫ్రెంచి విప్లవం తర్వాతా విలార్ బోధన కొనసాగించారు. 1805లో స్ట్రాస్‌బర్గ్ వైద్య విద్యాలయంలో ఆచార్యులయ్యారు, ఆపై దానికి డీన్‌గా పనిచేశారు. 1814లో ఆ నగరంలోనే కన్నుమూశారు.

ఒక ప్రాంతంలో ఏ మొక్క ఎక్కడ ఉండేదో రాసి ఉంచితేనే, అది తరిగిపోయిందో నిలిచిందో తర్వాతి తరాలకు తెలుస్తుంది. విలార్ గ్రంథం విలువ అదే. ఆయన ఎండబెట్టి భద్రపరచిన మొక్కల నమూనాలు నేటికీ గ్రెనోబుల్ ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో ఉన్నాయి.