ఋతుచక్రం - గర్భధారణ సంభావ్యత: సంప్రదాయపు లెక్క, దేహధర్మం (చిత్తూరు, తిరుపతి ప్రాంత సందర్భం)

వ్యాస సంగ్రహం:
ముట్టయిన నాటి నుంచి రోజులు లెక్కించి గర్భం నిలిచే రోజులను నిర్ణయించే పద్ధతి ప్రాచీనమైనది. సంతానం కోరి ఏర్పరచుకున్న ఆ లెక్కను సంతానం వద్దనుకునేవారు తిరగేసి వాడినప్పుడు పొరపాటు ఎక్కడ జరుగుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఋతుకాలం, అండవిడుదల, సురక్షిత దినాలు, బిడ్డల మధ్య ఎడం, చిత్తూరు, తిరుపతి.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారు గర్భధారణను 'నెల తప్పడం' అంటారు. గర్భానికి తొలి గుర్తు ముట్టు ఆగడమే అన్న అనుభవం ఈ మాటలో ఉంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలోనూ ఇదే వాడుక. అయితే గర్భాన్ని గుర్తించడానికి పనికివచ్చే ఈ లెక్క, గర్భాన్ని నివారించడానికి ఎంతవరకు పనికివస్తుందన్నది విచారించదగినది.

2. శాస్త్రగ్రంథాలలో ఋతుకాలం:
మనుస్మృతి ఋతుకాలాన్ని పదహారు రాత్రులుగా చెప్పి, తొలి నాలుగింటిని నిషేధించింది. సుశ్రుత సంహిత పన్నెండు రాత్రులుగా పేర్కొంది. ఈ నియమాల లక్ష్యం సంతానప్రాప్తి. సంతానం కోరేవారికి ఇంత విశాలమైన గడువు మేలే చేస్తుంది. అందులో ఏదో ఒక రోజు ఫలవంతమైతే చాలు. నివారణకు మాత్రం, మిగిలిన రోజుల్లో ఒక్కటి కూడా ఫలవంతం కాకూడదు. ఈ హామీ ఆ గ్రంథాలు ఇచ్చినది కాదు.

3. దేహధర్మం:
జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ 1920లలో విడివిడిగా చేసిన పరిశోధనలు ఒక ముఖ్యాంశాన్ని తేల్చాయి. అండం విడుదలయ్యేది రాబోయే ముట్టుకు సుమారు 14 రోజుల ముందు. అంటే లెక్క వెనుక నుంచి సాగాలి. కాని రాబోయే ముట్టు తేదీ ముందుగా ఎవరికీ తెలియదు.

వీర్యకణాలు స్త్రీ దేహంలో ఐదు రోజుల వరకు జీవించగలవు. అండం జీవించేది ఒక్క రోజే. కనుక అండవిడుదల రోజుతో ముగిసే ఆరు రోజులు ఫలవంతమైనవని విల్‌కాక్స్ బృందం 1995లో నిరూపించింది. దీని ప్రకారం 28 రోజుల చక్రంలో ఇవి సుమారు 9 నుంచి 14వ రోజు వరకు వస్తాయి. 24 రోజుల చక్రంలో 5 నుంచి 10, 35 రోజుల చక్రంలో 16 నుంచి 21. మొదటి సందర్భంలో ముట్టుస్నానం అయిన వెంటనే, రెండవ సందర్భంలో పదహారు రాత్రులు గడిచాక కూడా గర్భం నిలవవచ్చు.

4. రామనగరం అనుభవం:
ఈ లెక్కను ప్రభుత్వమే ఒకప్పుడు పరీక్షించింది. ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ కాలంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో, 1950ల తొలినాళ్లలో ఢిల్లీ లోడీ కాలనీలోను, మైసూరు రాష్ట్రపు రామనగరంలోను సురక్షిత దినాల పద్ధతిని ప్రయోగించారు. రోజులు గుర్తుంచుకోవడానికి స్త్రీలకు రంగుపూసల దండలు ఇచ్చారు. పూసలు రోజులను లెక్కించగలవు గాని, చక్రం నిడివి మారితే ఆ మార్పును చెప్పలేవు. తరువాతి కుటుంబ నియంత్రణ కార్యక్రమం ఇతర సాధనాల వైపే మళ్లింది.

5. ప్రాంతీయ ప్రాసంగికత:
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిదేళ్ల లోపే వివాహమైంది. వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు. తాత్కాలిక సాధనాల వాడకం అత్యల్పం. పెళ్లికీ ఆపరేషన్‌కూ మధ్య కాలమే అరక్షితమైనదని దీనివల్ల స్పష్టమవుతుంది.

లెక్క ఎక్కువగా తప్పేది కూడా ఆ కాలంలోనే. పెద్దమనిషి అయిన తొలి ఏళ్లలో చక్రం 21 నుంచి 45 రోజుల వరకు ఉండవచ్చు. ప్రసవానంతరం అసలు లెక్క మొదలుపెట్టడానికే తొలి రోజు ఉండదు. ముట్టు తిరిగి రాకముందే అండం విడుదల కావచ్చు. బిడ్డకు ఆరు నెలల లోపు వయసుండి, ముట్టు రాకుండా, రాత్రింబవళ్లు తల్లిపాలే పట్టినప్పుడు మాత్రమే ఆ పాలు గట్టి రక్షణ ఇస్తాయి. ఈ మూడింటిలో ఏది తప్పినా రక్షణ సడలుతుంది.

6. ముగింపు:
సంప్రదాయపు లెక్క తన లక్ష్యానికి తగినదే. లక్ష్యం మారినప్పుడు దాని ప్రామాణ్యం నిలవదు. ఎడం కోరే దంపతులకు కాపర్-టి, అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ప్రభుత్వ కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో ఉన్నాయి. ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలల తరగతి గదుల్లో కొత్తగా పెళ్లయిన విద్యార్థినులు కూడా ఉంటారు. 'ముట్టయ్యాక ఎన్నో రోజు' అన్న ప్రశ్నకు అందరికీ వర్తించే జవాబు లేదని వారికి తెలియజెప్పడం అధ్యాపకుల బాధ్యతలో భాగం.