దేవదాసు కోసం ఏడ్చినవారు

మొన్న వేసవిలో ధర్మవరములో ఒక కుటుంబము వారు మమ్మల్ని రాత్రి భోజనానికి పిలిచారు. పట్టు మగ్గము మీద బ్రతికే ఇల్లు. ముందు గదిలో మగ్గము, దాని ఎదురుగా గోడకు టీవీ. మేము వెళ్ళేసరికి హిందీ ‘దేవదాస్’ సినిమా వస్తూ ఉంది. అయ్యగారు వచ్చారని ఇంటి కోడలు గబగబా ఆపబోయింది. ఎనభై దాటిన అవ్వ మాత్రం, “ఉండనీమ్మా, అయ్యగారు ఏమీ అనుకోరులే, ఆ పిల్లోడు చచ్చేదాకా చూస్తాను” అన్నది. అవ్వకు హిందీ ముక్క రాదు. అయినా తరువాత ఏమి జరుగుతుందో మాకు ముందే చెబుతూ ఉంది. సరేనని మేమూ చాప మీద కూర్చున్నాము.

సంఘ పత్రికలో సినిమా సంగతి ఎందుకని కొందరు పెద్దలు అడుగవచ్చు. చూడమనీ, చూడవద్దనీ చెప్పడానికి మేము ఇది రాయడము లేదు. ఆ రాత్రి ఆ గదిలో ఒకే కథను ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చూశారు. ఆ సంగతి మా మనసును వదలలేదు. తరువాత హిందూపురంలోను, పెనుకొండలోను ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా, ‘దేవదాసు చూశారా, చూసి ఏమనుకున్నారు’ అని అడగడము మాకు అలవాటైపోయింది.

ఆ హిందీ సినిమా 2002 జూలైలో విడుదలైనది. తీసినవారు సంజయ్ లీలా భన్సాలీ. సుమారు 50 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టారని అప్పట్లో చెప్పుకున్నారు. అంతకుముందు ఏ హిందీ సినిమాకూ అంత పెట్టలేదు. విడుదలకు ముందే ఫ్రాన్సు దేశములోని కేన్స్ చిత్రోత్సవములో చూపించారు. పార్వతి ఇల్లు రంగు అద్దాల మేడ, చంద్రముఖి ఇల్లు నీళ్ళ ఒడ్డున మహలు. ఎటు చూసినా దీపాలే. చదివిన కథలోని పల్లెటూరు ఎక్కడా కానరాదు. శరత్‌బాబు పుస్తకము ప్రాణముగా చదువుకున్న బెంగాలీలు కొందరు అప్పుడే నొచ్చుకున్నారు. నవలలో పార్వతీ చంద్రముఖీ ఒకరినొకరు చూసుకోనే చూసుకోరు. సినిమాలో ఇద్దరూ చేతులు కలిపి నాట్యము చేస్తారు. జనము మాత్రం ఆ పాట కోసమే మళ్ళీ మళ్ళీ చూశారు.

ధర్మవరము ఇంటిలో కోడలు ఆ పాటలో చీరలనే చూసింది. నేసేవారి కన్ను మరి. “ఇంత జరీ పెడితే నేసినోనికి కూలి ఎంతిస్తారో” అన్నది. ఇరవై ఏళ్ళ మనుమడు సెల్ ఫోను పక్కన పెట్టి, “తాగినా ఎంత దర్జాగా ఉన్నాడు కదా అయ్యగారూ!” అన్నాడు. వాని గడ్డము చూసి స్నేహితులు వానినీ దేవదాసు అనే పిలుస్తారట. వాళ్ళ నాన్న ఇంటి బయట అరుగు మీద పడుకొని ఉన్నాడు. ఎందుకు పడుకున్నాడో మేము అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

ఇంతలో ఆ ఘట్టము వచ్చింది. పార్వతికి పెళ్ళి కుదిరిన తరువాత దేవదాసు కోపము పట్టలేక చేతిలోని నగతో ఆమె నుదుటి మీద కొడతాడు. రక్తము వస్తుంది. నవలలో అయితే చేపలు పట్టే గాలపు కర్రతో కొడతాడు. పుస్తకములోనైనా, సినిమాలోనైనా ఆ మచ్చను ప్రేమకు గుర్తుగానే మనకు చూపిస్తారు. అవ్వ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉంది. కోడలు లేచి వంటింటిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అన్నము వడ్డించడానికి వచ్చినప్పుడు చూశాము, ఆమె కనుబొమ పైన కూడా ఒక పాత మచ్చ ఉన్నది. ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి వెళ్తున్నాము. ఆ మచ్చ మా కంటికి ఎందుకు కనబడలేదో తెలియదు. (ఈ సంగతి రాయమని ఆమే చెప్పింది. పేరు మాత్రం వద్దన్నది.)

అవ్వ ఏడ్చినది ఆ హిందీ బొమ్మ కోసము కాదు. తెలుగు ‘దేవదాసు’ 1953 జూన్ 26న విడుదలైనది. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వము, అక్కినేని నాగేశ్వరరావుగారు, సావిత్రిగారు, ఘంటసాలవారి పాటలు. అవ్వ చూసినది చాలా ఏళ్ళకు, పెళ్ళైన కొత్తలో, డేరా టాకీసులో, నేల మీద కూర్చొని. “ఆడోళ్ళమంతా ఏడ్చినామయ్యా. బండిలో ఇంటికొచ్చే దారంతా ఒక్కరూ మాట్లాడలేదు. మా అత్త అయితే రెండు దినాలు కూడు సరిగ్గా తినలేదు” అని చెప్పింది. ఎవరి కోసము ఏడ్చారవ్వా అని అడిగాము. “ఇంగెవరికోసం? ఆ తాగుబోతు నాయన కోసమే” అన్నది.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. ఆ సినిమా వచ్చిన నాటికి ఆంధ్ర రాష్ట్రము ఇంకా ఏర్పడలేదు. మన అనంతపురము జిల్లా మద్రాసు రాష్ట్రములో ఉన్నది, మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధము అమలులో ఉన్నది. సీసా పట్టుకుంటే పోలీసులు పట్టుకుపోయే రోజుల్లో, సీసా పట్టుకున్న మనిషి కోసము ఊళ్ళకు ఊళ్ళే ఏడ్చాయి. ఇంకొక వింత. ఆ తాగుడు కళ్ళు, ఆ తూలుడు ఎలా వచ్చాయని అడిగితే, రాత్రిళ్ళు షూటింగు పెట్టుకొని, కడుపు నిండా పెరుగన్నము తిని నటించానని నాగేశ్వరరావుగారు చెప్పుకున్నారు. పెరుగన్నముతో వచ్చిన మత్తును చూసి మనవాళ్ళు సారాతో అభ్యాసము చేశారు!

హిందూపురంలో మన సంఘ పెద్ద ఒకరున్నారు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. వారు చెప్పినది మరో రకము. 1974లో కృష్ణగారు హీరోగా, విజయనిర్మలగారి దర్శకత్వములో ‘దేవదాసు’ను రంగులలో మళ్ళీ తీశారు. పార్వతి వేషమూ ఆమెదే. ఇంచుమించు అదే సమయములో పాత నలుపు తెలుపు సినిమాను కూడా మళ్ళీ ఆడించారు. జనము రంగుల బొమ్మను వదిలి పాతదానికే పోయారు. “అప్పుడు మేము కాలేజీ పిల్లలము. కొత్త సినిమాలో హీరోకు రంగు చొక్కాలున్నాయి, పాత సినిమాలో దుఃఖముంది అని వాదించేవాళ్ళము. ఒక్కరోజైనా పార్వతి మొగుని ఇంటిలో ఎలా బ్రతికింది అని అనుకోలేదు అయ్యగారూ” అన్నారు ఆ పెద్దాయన.

మాకు ఆ మాట బాగా తగిలింది. ఖర్చు 50 కోట్లు అయినా, తెర నలుపు తెలుపైనా, చూసేవారి కళ్ళు ఆ ఒక్కని మీదనే. బెంగాలీలో పుట్టిన పేరు మన భాషలో మామూలు మాటైపోయింది. గడ్డము, శాలువా, పక్కన కుక్క, ఇవి చాలు, పేరు చెప్పనక్కరలేదు. ఒకడు పనికి పోకుండా తాగి పడుకుంటే వాని భార్యా పిల్లలు ఏమి తిన్నారని అడగము. ‘పాపం, దేవదాసు అయిపోయినాడు’ అని నవ్వుతాము. ఆ నవ్వులో సగము జాలి, సగము మెప్పు. పెనుకొండలో ఒక తల్లి మాతో ఇలాగే అన్నది. “మా వానికి పిల్లనియ్యమన్నారని తాగినాడయ్యా. అందరూ వానిని ఓదార్చేవాళ్ళే. వాని చేత దెబ్బలు తినేది నేను. నన్ను ఎవరూ ఏమనీ పిలవలేదు.” తాగిన కొడుకుకు పేరుంది, దెబ్బలు తిన్న తల్లికి పేరు లేదు.

మన ప్రాంతపు ఆడవారికి ఈ బాధ తెలియక కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడి మూయించిన వార్త ఇక్కడికీ వచ్చింది. 1995 జనవరి 16న రాష్ట్రములో సంపూర్ణ మద్యనిషేధము తెచ్చిన ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారు అప్పుడు హిందూపురము శాసనసభ్యులే. ఆ రెండేళ్ళు ఇంటికి కూలి డబ్బు వచ్చిందని చెప్పే అమ్మలు ఇప్పటికీ ఉన్నారు. పక్కనే కర్ణాటక కాబట్టి అటు పోయి తాగి వచ్చినవారి సంగతీ వాళ్ళే చెబుతారు. 1997లో నిషేధము ఎత్తివేశారు. ఆ సంగతి ఇంతటితో చాలు.

ఇవన్నీ విన్నాక మేము నవల తెలుగు ప్రతిని సంపాదించి చదివాము. శరత్ నవలలను చక్రపాణిగారు తెలుగు చేసిన తీరుకు, శరత్ తెలుగువాడే అనుకున్న పాఠకులు ఉండేవారట. ఈ కథను శరత్‌బాబు పాతికేళ్ళ లోపు వయసులో రాశారు. అచ్చు వేయడానికి చాలాకాలము ఇష్టపడలేదు. 1917లో గాని పుస్తకముగా రాలేదు. చదువుతుంటే మాకు ఆశ్చర్యము కలిగింది. సినిమా చూసినవారెవరూ మాకు చెప్పని సంగతులు అందులో ఉన్నాయి.

పార్వతిని ముసలి జమీందారుకు రెండవ భార్యగా ఇస్తారు. ఆయనకు ఎదిగిన బిడ్డలున్నారు. కోపముతో ఉన్న సవతి కూతురికి పార్వతి తన నగలన్నీ తీసి ఇచ్చివేస్తుంది. ఆ ఇంటిని నిలబెడుతుంది, బీదలకు పెడుతుంది. చంద్రముఖి తన పాత బ్రతుకు వదిలి, ఉన్నవి అమ్ముకొని, ఒక పల్లెలో మట్టి ఇల్లు కట్టుకొని ఉంటుంది. ఇరుగుపొరుగు బీదలకు సాయపడుతుంది. ఇద్దరు ఆడవారికీ దుఃఖమున్నది. ఇద్దరూ లేచి నిలబడ్డారు. దేవదాసు ఒక్కడే నిలబడలేదు. పెద్ద సినిమాలో ఆ ఇద్దరికీ మిగిలినది ఒక నాట్యము.

చివరి పేజీలో రచయిత కథ ఆపి చదువరితోనే మాట్లాడుతారు. ఇటువంటి అదుపులేని అభాగ్యుడు మీకు ఎప్పుడైనా ఎదురైతే అతని కోసము ప్రార్థించండి, అతని వంటి చావు ఇంకెవరికీ రాకూడదని కోరుకోండి అని వేడుకుంటారు. వానిలాగా బ్రతకండి అని గాని, వానిని చూసి మురిసిపొండి అని గాని అనరు. మేము అడిగినవారిలో ఆ మాట ఒక్కరికీ గుర్తు లేదు. నిజము చెప్పాలంటే, మాకూ చదివేవరకు తెలియదు.

మళ్ళీ ధర్మవరము వెళ్ళినప్పుడు ఈ సంగతులు ఆ ఇంటివారికి చెప్పాము. అవ్వ నమ్మలేదు. “పార్వతి అంత చేసిందా? నాకెవరూ చెప్పలేదే” అన్నది. కోడలు మాత్రం, “పుస్తకం తెచ్చినారా అయ్యగారూ?” అని అడిగింది. అప్పటి నుంచి ఆ వీధికి వెళ్ళినప్పుడల్లా ప్రార్థన అయ్యాక కొన్ని పేజీలు చదివి వినిపిస్తున్నాము. కోడలు దారము చుడుతూ వింటుంది. మనుమడు ఉన్నప్పుడు వాని చేతనే చదివిస్తాము. పెద్ద పెద్ద మాటల దగ్గర తడబడతాడు.

పోయిన వారము ఇంటి యజమాని మగ్గము ఆపి కాసేపు విన్నాడు. దేవదాసు కర్ర ఎత్తిన చోటు అది. ఆయన ఏమీ అనలేదు. కొంతసేపు కూర్చొని మళ్ళీ మగ్గము ఎక్కాడు. ఇంకా పార్వతి పెళ్ళి కాలేదు. అత్తవారింటి భాగము వచ్చే నెలకు గాని రాదు.