చుక్కనూ, పోగునూ లెక్కపెట్టే పల్స్

ఇంటి గోడ మీద ఉన్న కరెంటు మీటరును గమనిస్తే, ఒక చిన్న ఎర్ర దీపం మెరుస్తూ ఆరుతూ కనిపిస్తుంది. దాని పక్కనే ‘కిలోవాట్ అవర్‌కు 3200 ఇంపల్స్’ వంటి అంకె ముద్రించి ఉంటుంది. ఆ దీపం 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ కరెంటు ఖర్చయిందని అర్థం. ఏసీ వేస్తే దీపం వేగంగా మెరుస్తుంది, ఆపితే నెమ్మదిస్తుంది. ఇలా కొలవడాన్ని లెక్కపెట్టడంగా మార్చే ఉపాయంతోనే నేడు పరిశ్రమల్లో నీటికీ, గ్యాస్‌కూ, నేసిన బట్టకూ లెక్క కడుతున్నారు. ఒక్కో మెరుపును ‘పల్స్’ అంటారు. వాటిని లెక్కించి, సమయంతో సహా నమోదు చేసి, నెట్‌వర్క్ ద్వారా పంపే పరికరమే డేటా లాగర్.

ఆల్థాన్ చుట్టూ నీరు, నేత

ఈ లెక్క ఎందుకు ముఖ్యమో గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని చూస్తే తెలుస్తుంది. అక్కడి ఆల్థాన్ ప్రాంతానికి దగ్గర్లోనే పాండేసరా పారిశ్రామిక వాడ ఉంది. బట్టలకు రంగులద్దే మిల్లులు అక్కడ ఎక్కువ. సూరత్ మరమగ్గాలపై పనిచేసేవారిలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలవారూ ఉన్నారు.

అద్దకానికి నీరు చాలా కావాలి. ఆల్థాన్ పక్కనున్న బమ్రోలీలో సూరత్ నగరపాలక సంస్థ 2014లో రోజుకు 4 కోట్ల లీటర్ల సామర్థ్యంతో ఒక కేంద్రాన్ని ప్రారంభించింది. మురుగునీటిని శుద్ధి చేసి, పాండేసరా పరిశ్రమలకు అమ్మడం దీని పని. బోర్ల నీటికీ లెక్క తప్పదు. కేంద్ర జలశక్తి శాఖ 2020 సెప్టెంబర్‌లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, భూగర్భ జలాలు తోడుకోవడానికి అనుమతి పొందే పరిశ్రమలు దూరం నుంచే రీడింగు పంపగల డిజిటల్ మీటర్లు అమర్చుకోవాలి.

పల్స్ ఎలా పుడుతుంది?

చాలా నీటి మీటర్లలో నీటి ప్రవాహానికి తిరిగే చక్రం ఉంటుంది. దానికి అనుసంధానించిన చిన్న అయస్కాంతం, గాజు గొట్టంలో ఉన్న ‘రీడ్ స్విచ్’ ముందుకు వచ్చిన ప్రతిసారీ అందులోని రెండు సన్నని లోహపు రేకులు అతుక్కుని, మళ్లీ విడిపోతాయి. అది ఒక పల్స్. మగ్గం దగ్గర ఈ పనిని ప్రాక్సిమిటీ సెన్సర్ చేస్తుంది. తిరిగే ఇరుసు మీది లోహపు ముక్క దగ్గరకు రాగానే దాన్ని తాకకుండానే గుర్తిస్తుంది. ఇరుసు ఒక చుట్టు తిరిగితే ఒక పేక పోగు పడినట్టు.

మొత్తం ఎంతన్నది మామూలు మీటరూ చెబుతుంది. ‘ఎప్పుడు’ అన్నది చెప్పడమే లాగర్ ప్రత్యేకత. ఒక పల్స్‌కు 10 లీటర్లు చూపే మీటరు ఉందనుకుందాం. మిల్లు ఆగి ఉన్న అర్ధరాత్రి కూడా రెండు నిమిషాలకొక పల్స్ వస్తుంటే, గంటకు 300 లీటర్లు ఎక్కడో కారిపోతున్నట్టే. అది రోజంతా సాగితే 7,200 లీటర్లు. నెలకోసారి చూసే రీడింగులో ఈ నష్టం విడిగా కనిపించదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

స్విచ్ రేకులు అతుక్కునేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు బంతిలా ఎగిరెగిరి పడతాయి. లాగర్ ఆ ఎగురుళ్లను కూడా లెక్కపెడితే ఒక పల్స్ మూడు నాలుగు అవుతుంది. అందుకే ఒక పల్స్ అందగానే కొద్దిసేపు మరేదీ లెక్కించకుండా అమరుస్తారు. ఆ విరామం మరీ ఎక్కువైనా ప్రమాదమే. నిమిషానికి 160 పోగులు వేసే మగ్గంలో పల్స్‌ల మధ్య 375 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది కాబట్టి 50 మిల్లీసెకన్ల విరామం ఇబ్బంది కాదు. సెకనుకు 100 పల్స్‌లు పంపే ఫ్లో మీటరుకు అదే విరామం పెడితే ఎక్కువ భాగం లెక్కలోకే రావు.

నెట్‌వర్క్ తెగిపోవడం మరో చిక్కు. లాగర్ ‘గత పది నిమిషాల్లో 40’ అని మాత్రమే పంపుతుంటే, మధ్యలో తప్పిపోయిన సందేశంతో పాటు ఆ నీరూ లెక్కలోంచి మాయమవుతుంది. ‘మొదటి నుంచి ఇప్పటివరకు 8,14,240’ అని పంపితే, సంబంధం తిరిగి కలిసిన వెంటనే మొత్తం సరిపోతుంది. కరెంటు పోయినా చెరగని మెమరీలో ఈ మొత్తాన్ని దాచుకోవడం మంచి లాగర్ లక్షణం. ఇలాంటి పరికరాలు ఎక్కువగా వాడే ఎంక్యూటీటీ అనే సందేశ పద్ధతి కూడా ఇటువంటి అవసరం నుంచే పుట్టింది. దాన్ని 1999లో చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా గమనించడానికి రూపొందించారు.

గుణకం ఎవరికి తెలుసు?

అన్నిటికన్నా కనిపించని తప్పు గుణకంలో ఉంటుంది. సెంటీమీటరుకు 20 పేకలు పడే బట్టలో మీటరుకు 2,000 పోగులు ఉంటాయి. ఒక షిఫ్టులో 84,000 పల్స్‌లు వస్తే 42 మీటర్లు నేసినట్టు. లాగర్‌లో పొరపాటున 2,100 అని నమోదై ఉంటే తెర మీద 40 మీటర్లే కనిపిస్తుంది. సెన్సర్ ఒక్క పోగును కూడా వదలలేదు. అయినా మీటరు చొప్పున కూలి తీసుకునే కార్మికుడు ఆ షిఫ్టులో రెండు మీటర్ల కూలి నష్టపోతాడు. బట్ట రకం మారినప్పుడల్లా గుణకమూ మారాలి కాబట్టి ఇటువంటి పొరపాటుకు అవకాశం ఎక్కువే.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. కొలత తెలిసిన తొట్టిని నింపి నీటి లాగర్ లెక్కతో పోల్చవచ్చు. నేసిన బట్టను టేపుతో కొలిచి మగ్గం లెక్కతో సరిచూడవచ్చు. పరికరం అమర్చిన రోజే కాక, అప్పుడప్పుడూ ఈ పరీక్ష జరగాలి. గుణకాన్ని మీటరు పక్కనే అందరికీ కనిపించేలా రాసి ఉంచాలి. ఆ అంకె ఎవరి బిల్లునూ కూలినీ తేలుస్తుందో, దాన్ని సరిచూసుకునే వీలు వారికీ ఉండాలి.