గేరు రాడ్డుకు కాపలాదారు

బాలలూ! మిరపకాయ బస్తాలు దించేటప్పుడు ఎడ్లబండి కదలకుండా బండివాడు ఏం చేస్తాడో చూశారా? చక్రం కింద ఒక రాయి పెడతాడు. మళ్ళీ బయలుదేరేటప్పుడు ముందు ఒకరు ఎద్దుల పగ్గాలు గట్టిగా పట్టుకుంటారు. ఆ తరువాతనే మరొకరు రాయి తీస్తారు. పగ్గాలు పట్టేవాడు లేకుండా రాయి తీస్తే బండి పల్లం చూసుకుని పోతుంది!

మన పొదిలి రోడ్ల మీద తిరిగే కార్లలో కొన్ని ఆటోమాటిక్ కార్లు. వీటిలో క్లచ్చి పెడలు ఉండదు. కాలికింద రెండే పెడళ్ళు: ఒకటి బ్రేకు, రెండవది యాక్సిలరేటరు. గేరు రాడ్డు పక్కన పి, ఆర్, ఎన్, డి అని గుర్తులు ఉంటవి. ‘పి’ అంటే బండిని నిలిపి ఉంచటం. ‘ఆర్’ అంటే వెనక్కు పోవటం. ‘ఎన్’ అంటే ఇంజను బలం చక్రాలకు అందకుండా ఉంచటం. ‘డి’ అంటే ముందుకు పోవటం. రాడ్డు ‘పి’లో ఉన్నప్పుడు గేరుపెట్టెలో ఒక ఇనుప కొక్కెం పళ్ళచక్రం పళ్ళ మధ్య దూరి, కారును కదలనివ్వదు. బండికి రాయి ఎట్లాగో, కారుకు ఈ కొక్కెం అట్లాగు.

మరి ఆ రాయిని ఎవరు పడితే వారు తీయకుండా ఒక కాపలాదారు ఉన్నాడు. అతని పేరు షిఫ్ట్ లాక్. అతను అడిగే ప్రశ్న ఒక్కటే: “బ్రేకు మీద కాలు ఉన్నదా?” ఉన్నదంటేనే రాడ్డును ‘పి’లోనుంచి కదలనిస్తాడు.

అతనికి సంగతి ఎట్లా తెలుస్తుంది? బ్రేకు పెడలుకు పైన ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. పెడలు నొక్కగానే విద్యుత్తు ప్రవహించి, కారు వెనుక ఎర్రలైట్లు వెలుగుతవి. చాలా కార్లలో ఈ స్విచ్చి పంపే కబురే గేరు రాడ్డు దగ్గర ఉండే విద్యుదయస్కాంతానికి కూడా చేరుతుంది. అది రాడ్డుకు అడ్డంగా ఉన్న చిన్న మేకును ‘టక్’ మని పక్కకు లాగుతుంది. రాడ్డు కదులుతుంది.

విద్యుదయస్కాంతం అంటే ఏమిటో మీరే చేసి చూడవచ్చు. ఒక పెద్ద ఇనుప మేకుకు, పైపూత ఉన్న సన్నని రాగితీగను యాభై చుట్లు చుట్టండి. తీగ రెండు కొసల పూతా గీకి, 1.5 వోల్టుల టార్చి సెల్లు రెండు వైపులా ఆనించండి. మేకు గుండుసూదులను లాగుతుంది! కొసలు తీసివేస్తే చాలావరకు రాలిపోతవి. తీగ వేడెక్కుతుంది కనక రెండు మూడు క్షణాలకు మించి ఆనించరాదు. ఇంటి కరెంటుతో మాత్రం ఈ ప్రయోగం ఎన్నడూ చెయ్యకూడదు.

ఈ కాపలాదారు ఊరికే పుట్టలేదు. 1980 తరువాత అమెరికాలో కొందరు, ముఖ్యంగా ఆడీ 5000 అనే కారు కొన్నవారు, “గేరు వెయ్యగానే కారు దయ్యం పట్టినట్టు ఉరుకుతున్నది” అని మొరపెట్టుకున్నారు. ప్రాణాలు కూడా పోయినవి. 1987లో ఆ కార్లను వెనక్కు పిలిచి ఈ తాళం అమర్చసాగారు. 1989లో అమెరికా ప్రభుత్వం తన విచారణ ఫలితం ప్రకటించింది. దయ్యమూ లేదు, భూతమూ లేదు. చాలా సందర్భాలలో డ్రైవరు బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కాడు! ముందుగా బ్రేకు మీద కాలు వెయ్యక తప్పనిచోట ఈ పొరపాటుకు అవకాశం తగ్గుతుంది గదా?

ఇంకొక సంగతి మీకు సంబంధించినది. పెద్దలు దిగి వెళ్ళినప్పుడు కారులో ఉన్న పసిపిల్లలు ఆటగా రాడ్డు లాగటం, కారు దొర్లిపోవటం జరుగుతూ వచ్చింది. అందుచేత 2008లో అమెరికాలో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం 2010 సెప్టెంబరు 1 నుంచి అక్కడి అమ్మకానికి తయారైన, ‘పి’ ఉన్న కార్లన్నిటికీ ఈ తాళం తప్పనిసరి అయింది. ఆ చట్టానికి కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ళ పసివాడి పేరు పెట్టారు. వాడు 2002లో వెనక్కు వస్తున్న కారు కింద పడి చనిపోయాడు. ఆ చట్టంలో వెనక్కు నడిపేటప్పటి జాగ్రత్తలు కూడా ఉన్నవి.

సరే, కాపలాదారుకే జబ్బు చేస్తే? ఇంటిల్లిపాదీ ఒంగోలు వెళ్ళాలని కారెక్కారు. నాన్నగారు బ్రేకు తొక్కారు. రాడ్డు మాత్రం కదలదు! అప్పుడు బలంగా లాగటం తెలివితక్కువ. లోపలి భాగాలు విరుగుతవి. కబురు ఎక్కడ ఆగిందో వెతకాలి.

మొదట తాళంచెవి ‘ఆన్’లో ఉన్నదో లేదో, బ్యాటరీలో బలం ఉన్నదో లేదో చూడాలి. లైట్లు మినుకుమినుకు మంటుంటే బ్యాటరీని అనుమానించాలి.

తరువాత వెనుక ఎర్రలైట్లు చూడాలి. దీనికి ఎవరూ కారు వెనుక నిలబడరాదు. దూరంగా పక్కన నిలబడితే కనిపిస్తుంది. బ్రేకు తొక్కినా ఒక్క లైటూ వెలగకపోతే, ఫ్యూజు పోయి ఉండాలి, లేదా పెడలు దగ్గరి స్విచ్చి చెడి ఉండాలి. ఒక్క లైటే వెలగకపోతే అది బల్బు దోషం. తాళానికి సంబంధం లేదు.

లైట్లన్నీ వెలుగుతున్నవా? అయితే ‘టక్’ మనే చప్పుడు వినాలి. అది వినిపించకపోతే విద్యుదయస్కాంతమో, దాని తీగో చెడి ఉండవచ్చు. వినిపించినా రాడ్డు కదలకపోతే, ఏదో అడ్డుపడి ఉంటుంది. ఒలికిన తియ్యని పానీయం ఎండి బంకగా పట్టటం, చిల్లర డబ్బులు సందులో దూరటం మామూలే. కారులో సోడా తాగే పిల్లలు గుర్తుంచుకోవాలి!

ఏటవాలున ఆపినప్పుడు కారు బరువంతా కొక్కెం మీద పడి, రాడ్డు బిగుసుకోవటం కూడా కద్దు. అది తాళం దోషం కాదు. అటువంటిచోట కాలు బ్రేకు మీద ఉండగానే హ్యాండ్ బ్రేకు వేసి, ఆ తరువాత ‘పి’లోకి తేవాలి.

దారిలో చిక్కుకుంటే ఒక ఉపాయం ఉన్నది. చాలా కార్లలో రాడ్డు పక్కన చిన్న మూత ఉంటుంది. పెద్దవారు హ్యాండ్ బ్రేకు వేసి, కాలితో బ్రేకు నొక్కి ఉంచి, మూత తీసి, లోపలి మీటను నొక్కుతూ రాడ్డును ‘ఎన్’లోకి తేవచ్చు. అది ఎక్కడున్నదీ కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ‘పి’ లేని కార్లూ, మీటకు బదులు బొత్తాలున్న కార్లూ ఉన్నవి. వాటి పద్ధతి వేరు.

తల్లిదండ్రులకు ఒక మాట. రాడ్డు కదిలింది గదా అని ప్రయాణం సాగించవద్దు. ఎర్రలైట్లు వెలగని కారు ఆగుతున్నదని వెనుక వచ్చే పత్తి లారీ డ్రైవరుకు ఎట్లా తెలుస్తుంది? మెకానిక్కును పిలిపించండి. ప్రతిసారీ మూత తీసి మీట నొక్కటం అలవాటు చేసుకోవద్దు. పనిచెయ్యని తాళం లేని తాళంతో సమానం. పిల్లలను కారులో ఒంటరిగా వదలవద్దు. తాళంచెవి వారికి అందనివ్వవద్దు.

బాలలూ, ఈసారి ఆటోమాటిక్ కారెక్కినప్పుడు రాడ్డు జోలికి పోకుండా, చెవి మాత్రం అప్పగించండి. బ్రేకు తొక్కగానే ‘టక్’ మన్నదా? కాపలాదారు మెలకువగా ఉన్నాడన్నమాట!