మిరప ఆకు ఎటు ముడిచినది?

నందిగామ, జగ్గయ్యపేట మెట్టప్రాంతము పూర్వము కృష్ణాజిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఇచ్చట మిరప ప్రధానమైన పైరులలో ఒకటి. పొలము లేనివారి పెరటిలో సైతము నాలుగు మిరపమొక్కలు, రెండు వంగమొక్కలు ఉండును. ఆకు ముడిచినంతనే ఏదో ఒక పురుగుమందు తెచ్చి చల్లుట మనకు పరిపాటి. పెక్కుసార్లు చీడ హెచ్చుటకు ఆ మందే కారణమగుచున్నది.

మొదట ఆకును పరిశీలింపవలెను. అంచులు పైకి లేచి దొప్పవలె అయినచో, అది సాధారణముగా తామరపురుగుల పని. అంచులు క్రిందికి వంగి, ఆకు బోర్లించిన పడవవలె అయి, కాడ సాగినచో అది తెల్లనల్లి. రైతులు వీనినే పైముడత, క్రిందిముడత అందురు. వంగ, బెండ ఆకుల అడుగున సన్నని గూడు అల్లి, పైన తెల్లని చుక్కలు పడజేయునది ఎర్రనల్లి. బాట ప్రక్కన దుమ్ము పట్టిన మొక్కలపై ఇది మరింత హెచ్చును.

నల్లి పురుగుజాతిలోనిది కాదు. పురుగునకు కాళ్ళు ఆరు. ఎదిగిన నల్లికి ఎనిమిది. అది సాలీడునకు చుట్టము. కావున పురుగుమందులలో పెక్కు దానిని చంపజాలవు; దానిని తిని బ్రతుకు అక్షింతల పురుగులను, పరభక్షక నల్లులను మాత్రము చంపును. శత్రువులు నశించిన పిమ్మట, ఎండకాలమున వారము పది దినములలోనే నల్లి మరియొక తరమును పెంచును. రెండవ ప్రపంచయుద్ధానంతరము డి.డి.టి. విరివిగా చల్లిన పండ్లతోటలలో పెక్కుదేశములందు జరిగినది ఇదియే. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పదేపదే చల్లిన చేలలో నేడును ఇదే కనబడుచున్నది.

మరి చేయదగినదేమి? ముడిచిన చిగుళ్ళను త్రుంచి కాల్చివేయవలెను. ఎర్రనల్లి పట్టిన మొక్కలకు ఉదయమున ఆకుల అడుగున తగులునట్లు నీటిని బలముగా చిమ్మవలెను. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పుపొడి చొప్పున రాత్రి నానవేసి, వడగట్టి, కొంచెము సబ్బునీరు చేర్చి సాయంకాలము చల్లవలెను. అప్పటికిని లొంగనిచో, నీటిలో కలియు గంధకపు పొడి లీటరుకు 3 గ్రాములు చాలును. సేంద్రియ సేద్యమునందును గంధకము వాడవచ్చును. కాని తీవ్రమైన ఎండలో చల్లినచో ఆకులు మాడును. దోస, సొర మున్నగు తీగలపై వలదు. వేపనూనె చల్లిన రెండు వారములలోపలను వలదు.

వారమునకు ఒకమారు ఆకును త్రిప్పి భూతద్దముతో చూచుట అలవరచుకొనుడు. మందు కొనుటకు ముందు ఆ నిమిషము వెచ్చించిన గృహస్థునకు పైకమును మిగులును, పంటయు మిగులును.