ఆ యంత్రంలో మనకూ ఓ సీటుంటుందా?

"అమ్మా, అంత మంచి యంత్రం ఎక్కి, ఆ అమ్మాయి ఊరికే పక్కన కూర్చుంటుందేంది?"

2025 ఏప్రిల్‌లో కర్నూలులో సినిమా చూసి ఇంటికొచ్చాక మా అమ్మాయి అడిగిన మొదటి మాట ఇది. అడిగింది ఏ సినిమా గురించో కాదు, ముప్పై నాలుగేళ్లుగా నేను మనసులో భద్రంగా దాచుకున్న 'ఆదిత్య 369' గురించి! ముందు నాకు కోపం వచ్చింది. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ సినిమాకు కొనసాగింపు వస్తుందని ఆశపడుతున్న నాలాంటి వాళ్లు చాలామంది ఉంటారు కదా, నా ఆశా, నా బెంగా వాళ్లతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలు.

అవ్వ అడిగిన ప్రశ్న

ఆ సినిమా 1991 జులై 18న విడుదలైంది. నేనప్పుడు కడపలో తొమ్మిదో తరగతి. మా అక్కకు కొత్తగా పెళ్లయింది. ఒక ఆదివారం మాట్నీకి అవ్వ, అమ్మ, పిన్ని, అక్క, నేను, పిల్లలూ కలిసి తొమ్మిది మందిమి బయలుదేరాం. ఇంటర్వెల్లో తినడానికి బొరుగులు, వేయించిన శనక్కాయలు సంచిలో వేసుకున్నాం. టికెట్ల దగ్గర ఆడవాళ్ల వరస వేరు. ఆ వరసలో నిలబడితే ఊళ్లో ఉన్న చుట్టాలందరూ కనిపించేవాళ్లు.

తెలియని పిల్లల కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఒక ప్రొఫెసర్ కాలంలో ముందుకూ వెనక్కూ పోయే యంత్రం తయారుచేస్తాడు. కృష్ణకుమార్, ప్రొఫెసర్ కూతురు హేమ అందులో 1526కు, అంటే శ్రీకృష్ణదేవరాయల కాలానికి చేరతారు. అక్కడ్నుంచి 2504కు పోతారు. ప్రపంచయుద్ధం తర్వాత నేల మీద బతకలేక మనుషులు భూమి లోపల కాపురాలు పెట్టుకున్న కాలం అది. వీటన్నిటి మధ్యా రాయల కాలపు వజ్రం ఒకటి, దాని కోసం పడి చచ్చే విలన్ ఒకడు. కృష్ణకుమార్‌గా, రాయలుగా కూడా బాలకృష్ణే నటించారు.

కాలయంత్రం అంటే ఏమిటో అవ్వకు చెప్పడం మా వల్ల కాలేదు. "రాయలవారి సినిమా" అని చెప్పి తీసుకుపోయాం. ఆమె మాకంటే బాగా అర్థం చేసుకుందని బయటికొచ్చాక తెలిసింది. రిక్షా ఎక్కబోతూ ఆగి, "ఏమ్మే, ఆ మిషన్లో కూచుంటే మీ తాత గూడా కనపడతాడా?" అని అడిగింది. తాత పోయి అప్పటికి పదేళ్లు. "ఊరుకోమ్మా" అని అమ్మ నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు.

అందుకే ఆ సినిమా నాకు హీరో కోసమో, సెట్టింగుల కోసమో గుర్తుండిపోలేదు. చదువురాని మా అవ్వ చేత అంత పెద్ద ప్రశ్న అడిగించింది, అందుకు గుర్తుండిపోయింది.

మన మట్టి వాసన

ఎచ్.జి.వెల్స్ అనే ఆంగ్ల రచయిత 1895లోనే కాలయంత్రం గురించి నవల రాశాడు. ఆ ఊహను తెచ్చి సింగీతం శ్రీనివాసరావుగారు మన గడప దగ్గర నాటారు. ఆయన 'మాయాబజార్'కి కె.వి.రెడ్డిగారి దగ్గర సహాయకుడిగా పనిచేసినవారు. కె.వి.రెడ్డిగారిది తాడిపత్రి. ఆ సినిమా తీసిన విజయా సంస్థ నాగిరెడ్డిగారిది మా కడప జిల్లా. 1957లోనే శశిరేఖ పెట్టె తెరిచి అభిమన్యుణ్ణి చూసుకున్న 'ప్రియదర్శిని'ని తలుచుకోండి. ఇప్పుడు మన పిల్లలు చేసే వీడియో కాల్ అదే కదా!

ఇక రాయల వజ్రం మాకేమీ వింత కాదు. తొలకరి పడగానే కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో తలొంచుకుని వజ్రాలు వెతికే జనాన్ని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. చద్దిమూట కట్టుకుని పిల్లల్ని వెంటేసుకుని వచ్చే ఆడవాళ్లూ ఉంటారు. తెర మీద వజ్రం మెరిసినప్పుడు మాకు గుర్తొచ్చేది వాళ్లే.

కబురు విన్నప్పటి నుంచీ

'ఆదిత్య'కు రెండో భాగం అన్న మాట ఎన్నో ఏళ్లుగా వింటూనే ఉన్నాం. 2024 చివర్లో బాలకృష్ణగారు 'ఆదిత్య 999 మ్యాక్స్' పేరు చెప్పి, అందులో తన కొడుకు మోక్షజ్ఞ నటిస్తాడని ప్రకటించారు. 2025 ఏప్రిల్ 4న పాత సినిమాను 4కె నాణ్యతతో శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. ఇక నాలాంటి వాళ్లకు ఆశ పుట్టకుండా ఉంటుందా?

ఆశతో పాటే బెంగ కూడా పుట్టింది. మాటలు రాసిన జంధ్యాల 2001లో వెళ్లిపోయారు. రాజనర్తకిగా చేసిన సిల్క్ స్మిత 1996లో, విలన్‌గా చేసిన అమ్రీష్ పురి 2005లో పోయారు. పాటలు పాడడమే కాక సినిమాకు సమర్పకుడిగా నిలిచిన బాలసుబ్రహ్మణ్యం 2020లో, తెనాలి రామకృష్ణుడైన చంద్రమోహన్ 2023లో దూరమయ్యారు. సింగీతంగారు 1931లో పుట్టినవారు. పాత చేతులు లేకుండా అదే రుచి వస్తుందా? అమ్మ చేసిన ఊరగాయ జాడీలో కొత్త ఆవకాయ పెట్టినట్టు, పేరొక్కటే మిగిలితే?

బయటి దేశాల్లోనూ ఈ గొడవ ఉంది. అమెరికాలో 1985లో మొదలైన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' మూడు భాగాలతో ఆగింది. ఎవరెంత అడిగినా తీసినవాళ్లు నాలుగోది వద్దన్నారు. 1977 నాటి 'స్టార్ వార్స్'ను మాత్రం 2015లో మళ్లీ మొదలుపెట్టి, రే అనే అమ్మాయిని ముఖ్యపాత్ర చేశారు. పాత అభిమానుల్లో కొందరు పండగ చేసుకున్నారు, కొందరు తిట్టుకున్నారు. మన దగ్గర 2024లో 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. గ్రాఫిక్స్ మనవాళ్లకూ చేతనవుతాయని తేలిపోయింది కాబట్టి నా బెంగ గ్రాఫిక్స్ గురించి కాదు.

ఆ సాయంత్రం హాల్లో

రీరిలీజ్ అనగానే అక్కకు ఫోన్ చేశాను. "టీవీలో వస్తాది గదా మే, దుడ్లు పెట్టి మళ్లా చూసేదేంది?" అంటూనే కడపలో బస్సెక్కి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల దాటుకుని దిగింది. ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయిని కూడా బతిమాలి సాయంత్రం ఆటకు తీసుకుపోయాం.

హాలు నిండా కుర్రవాళ్లే. మాతో కలిపి ఆడవాళ్లం పదిమందిమి కూడా లేం. ఈలలు, అరుపులు, చించి ఎగరేసిన కాగితాలు, తెరకు అడ్డంగా ఫోన్లు. పిల్లల సంబరాన్ని నేను తప్పు పట్టను. ఆ వయసులో వాళ్ల నాన్నలూ ఇదే చేశారు. కానీ జంధ్యాల మాటలు ఒక్కటంటే ఒక్కటి చెవిన పడలేదు. తెనాలి రామకృష్ణుడి చమత్కారానికి నవ్వుదామంటే ఆ మాటే వినపడలేదాయె! అక్క నా చెవిలో, "మనం రాకూడని పెళ్లికి వచ్చినట్టుందే" అంది.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. 1991లో ఇంటిల్లిపాదీ కలిసి చూసుకున్న సినిమా, తిరిగొచ్చేసరికి అభిమానుల పండగ అయిపోయింది. రేపు కొత్తది కూడా వాళ్ల కోసమే తీస్తే? వంశం పేరు, తొడగొట్టడాలు, పాత సీన్లను తలపించే నాలుగు ముక్కలు వేసి సరిపెడితే? మా అవ్వలాంటి వాళ్లు అడగడానికి ఏం ప్రశ్న మిగులుతుంది?

సరిగ్గా ఆ రాత్రే మా అమ్మాయి ఆ ప్రశ్న వేసింది. హేమ శాస్త్రవేత్త కూతురు. యంత్రం వాళ్లింట్లోదే. అయినా అది నడపడం గానీ, బాగుచేయడం గానీ ఆమె పని కాలేదు. ముప్పై నాలుగేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదే! "అప్పట్లో అంతే లేవే" అన్నాను. "మరి 999లో కూడా అంతేనా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అక్క కోరిక

మర్నాడు కాఫీలు తాగుతూ అక్కనడిగాను. "నీకు ఆ యంత్రం ఇస్తే ఏ కాలానికి పోతావు?"

రాజుల సభకు పోతానంటుందనుకున్నా. అక్క అత్తగారి ఊరు పోరుమామిళ్ల దగ్గర. "మా చెరువు కట్టినప్పటికి పోతా" అంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన శాసనం ఆ చెరువు దగ్గర ఉంది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పని జరిగిందని అందులో ఉంది. "ఆ వెయ్యిమందిలో తట్ట మోసిన ఆడోళ్లు ఎంతమందో! వాళ్లకు కూలి ఎంతిచ్చినారో, సంకన బిడ్డల్ని యాడ పండబెట్టినారో చూసొస్తా."

"మరి 2504?"

"అది చూసేదేముంది? మన బోర్లు పోయిన లోతు చూస్తాంటే, భూమి లోపలికి ముందు పోయేది మన సీమోళ్లే" అంది. నవ్వాం గానీ, నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వేసవిలో నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెలతో నిలబడ్డవాళ్లకు ఆ మాట ఎంత నిజమో తెలుసు.

అప్పుడనిపించింది, కథలు కావలసినన్ని మన ఇళ్లలోనే ఉన్నాయని. పాత సినిమాను ఉన్నదున్నట్టు తిరిగి తెమ్మని నేను అడగను. అది అవ్వతో పాటే నాకు దక్కింది, అది చాలు. కొత్తదానిలో మూడే కోరుకుంటాను. మాటలు వినపడాలి. యంత్రం నడిపేవాళ్లలో ఒక అమ్మాయి ఉండాలి. సినిమా అయ్యాక ఇంటికి పోయే దారిలో అవ్వలు, మనవరాళ్లు ఒకరినొకరు ఏదో ఒకటి అడుక్కోవాలి.

అక్కను బస్సెక్కిస్తుంటే, "ఆ కొత్త సినిమా వస్తే నాకూ ఒక టికెట్టు తియ్యి. మొదటి వారం వద్దు మే, మొగపిల్లోల గలాటా తగ్గినాక పోదాం" అంది.

"వద్దక్కా" అన్నాను. "మొదటి వారమే పోదాం. పాపను, నీ కోడల్ని, పక్కింటి వాళ్లను అందర్నీ పిలుచుకుని పోదాం. హాల్లో మనం కనపడకపోతే, మన కోసం సినిమా తియ్యాలని ఎవరికి గుర్తుంటుంది?"

ఏమంటారు? మీరూ వస్తారు కదూ! బొరుగులు మేం తెస్తాం.